కొన మొండిగానే ఉండాలన్న మా బావగారు

మా బావగారు పోయిన కబురు నాకు చేపల బజారులో తెలిసింది. శనివారం పొద్దున క్లాంగ్ బజారులో ఆయనకిష్టమైన కెంబుంగ్ చేపలు తూయిస్తున్నాను. మా ఆయన ఫోను చేశారు. "అన్న లేగట్లేదే. పిలిస్తే పలకట్లేదు. సెయ్యి సల్లగున్నాది" అన్నారు. తూచిన చేపలు తూచినట్టే వదిలేసి వచ్చాను. నేను వచ్చేసరికి పక్కింటి తమిళ అక్క ఆయన దవడ కింద గుడ్డ కట్టేసి ఉంది. నిద్రలోనే పోయారని డాక్టరు చెప్పారు. డెబ్భై మూడేళ్ళు.

బావగారంటే మా ఆయన సొంత అన్న. భార్య చిన్న వయసులోనే పోయింది, పిల్లలు లేరు. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచి మా ఇంటి ముందుగదిలోనే ఉన్నారు. ఆదివారం ఆరాధనకు అందరికంటే ముందొచ్చి ఫ్యాన్లు వేసే పెద్దాయనగా మీలో చాలామందికి ఆయన తెలుసు.

సంఘం పత్రికకు ఆయన గురించి ఒక పేజీ రాయమని పెద్దలు అడిగారు. "నువ్వు మెత్తని మనిషివమ్మా, మెత్తగా రాస్తావు" అన్నారు. పేజీలో సరిపెట్టలేకపోయాను. మెత్తగానూ రాయలేకపోయాను.

ఆయన పని గురించి ముందు చెప్పాలి. మంచు కొండల మీద కాళ్ళకు పొడవాటి పలకలు బిగించుకుని జారతారే, స్కీలు, వాటి అంచులకు ఆయన మా ఇంటి వరండాలో పదును పెట్టేవారు. ఎండా వానా తప్ప ఇంకోటి ఎరగని మలేషియాలో, ఈ క్లాంగ్‌లో! మంచును ఆయన ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా చూడలేదు.

అది మొదలైన తీరు ఇది. పామాయిలు ఎస్టేటులో పని వదిలి వచ్చాక ఆయన కాగితం కోసే మిషన్ల కత్తులు నూరే వర్క్‌షాపులో చేరారు. ఒకరోజు ఒక చైనీస్ పళ్ళ డాక్టరుగారు స్కీలు పట్టుకుని అక్కడికి వచ్చారట. ఏటా డిసెంబరులో కుటుంబమంతా జపాను వెళ్ళి జారి వస్తారు. మన గాలిలోని చెమ్మకు స్కీల ఇనుప అంచులు నెలకే తుప్పు పట్టిపోతాయి. వర్క్‌షాపు యజమాని, ఇక్కడి మాటలో తౌకే, నవ్వి పంపించేయబోయాడు. బావగారు "ఇనుమే కదా తౌకే, ఇటివ్వండి" అని ఇంటికి తెచ్చారు.

ఆ వారమంతా ఆయన మాతో సరిగ్గా మాట్లాడలేదు. డాక్టరుగారిచ్చిన బొమ్మల పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. చెక్కబల్లకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు కొట్టి, స్కీ కదలకుండా పట్టే ఏర్పాటు చేసుకున్నారు. అంచు నిలువుగా ఉండకూడదు, రెండు డిగ్రీలు లోపలికి వాలాలి. వాలు సరిపోయిందో లేదో చూడ్డానికి అంచు పొడవునా మార్కర్ పెన్నుతో నల్లగా రంగు పూసి, ఆకురాయిని ఒక్కసారి తేలిగ్గా లాగేవారు. రంగు అంతా సమంగా లేచిపోతే వాలు కుదిరినట్టు. లేకపోతే మళ్ళీ మొదలు. ఆకురాయిని ఎప్పుడూ ఒకే వైపు లాగాలి, ముందు కొన నుంచి వెనక కొన దాకా, పొడుగ్గా. వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తి తేవాలి. తర్వాత అంచున లేచే సన్నని ఇనుప ముల్లును రబ్బరులాంటి మెత్తని రాయితో దించాలి. చివరికి బొటనవేలి గోరును అంచుకు అడ్డంగా లాగి చూస్తే గోరు మీద తెల్లటి పొడి రాలాలి. ఆయన బొటనవేలి గోరు ఎప్పుడూ ఒక పక్క అరిగిపోయి ఉండేది.

పలకల అడుగున మైనం కరిగించి పూయడానికి ఇస్త్రీపెట్టె కావాలి. అడక్కుండా మాది తీసుకున్నారు. ఆ ఆదివారం మా ఆయన తెల్లచొక్కా వీపున అరచెయ్యంత నీలం మైనం మరక అతుక్కుంది. "అన్నా, నానేటి, జపాను ఎల్తన్నానేటి? నాకూ మైనం పూసినావు?" అన్నారు మా ఆయన. "ఎల్లరా, నీకైతే మైనం అక్కర్లేదు, నువ్వెలాగా జారే మనిసివే" అన్నారు బావగారు. మర్నాడే నాకు కొత్త ఇస్త్రీపెట్టె వచ్చింది.

పక్కింటి తమిళ అక్కకు ఇదంతా తమాషాగా ఉండేది. కంచె మీద మోచేతులాన్చి "అన్నే, ఈ ఊళ్ళో ఐసు ఎక్కడుందిలా? ఐస్ కచాంగ్ గిన్నెలో జారతారా?" అనేది. తురిమిన ఐసు మీద పాకం పోసి అమ్ముతారే, అదే ఐస్ కచాంగ్. "నువ్వు గిన్నె తే, నాను జారి సూపిత్తాను" అనేవారు ఈయన. ఆమె తమిళం, ఈయన తెలుగు. ఏళ్ళ తరబడి అలాగే దెప్పుకున్నారు.

డాక్టరుగారి వల్ల ఇంకో నాలుగైదు కుటుంబాలు వచ్చాయి. నవంబరు వచ్చిందంటే మా వరండాలో స్కీలు గోడకు వరసగా నిలబడి ఉండేవి. డాక్టరుగారి అమ్మాయికి అప్పుడు పధ్నాలుగేళ్ళు. అంకుల్ అని పిలుస్తూ మలయ్‌లో గలగలా మాట్లాడేది. ఆ పిల్ల సరదాకు జారే రకం కాదు, పందేలకు తయారవుతోంది. మొదటి ఏడు జపాను నుంచి తిరిగొచ్చి "అంకుల్, తిరిగేటప్పుడు కొన మంచును పట్టేసుకుంటోంది. రెండుసార్లు పడ్డాను" అంది. ఇంకొకరైతే నీకు జారడం రాలేదనేవారు. ఈయన నేల మీద కూర్చుని, సుద్దముక్క ఆ పిల్ల చేతికిచ్చి "గీసి సూపించమ్మా. ఏ పక్క తిరిగినావు? ఎడమ కొనా, కుడి కొనా?" అని అడిగారు. వరండా సిమెంటు మీద పిల్ల మలుపులు గీస్తుంటే ఈయన వాటి మీద వేలు పెట్టి నడిపించి చూశారు. తర్వాత బొమ్మల పుస్తకం తిరగేసి, తాను దాటేసిన పేజీ పట్టుకున్నారు. ముందు కొనా వెనక కొనా బెత్తెడు మేర కావాలనే మొండి చేయాలి. నడుమ మాత్రమే పదును ఉండాలి. కొన పదునుగా ఉంటే మలుపులో మంచును కొరికేసి మనిషిని విసిరేస్తుంది.

"మంచు మీద జారితే ఎలాగుంటాదమ్మా?" అని ఆ పిల్లను అడిగారు ఒకసారి. "చక్కెర మీద నడిచినట్టు చప్పుడు, అంకుల్" అంది. ఆ సాయంత్రం ఆయన వంటింట్లోకి వచ్చి, పళ్ళెంలో చక్కెర పోసి చెంచాతో నొక్కి చూస్తుంటే నేను చూశాను. నన్ను చూసి సిగ్గుపడి, ఆ చక్కెర టీలో వేయమన్నారు.

కొనల సంగతి నాకు కూడా చెప్పారు. బట్టలు ఆరేస్తూ "అంత కష్టపడి పదును పెట్టి మళ్ళీ మొండి చేస్తారేం బావగారూ?" అని అడిగాను. "అమ్మాయ్, కొడవలికి కొన కొరకాల. దీనికి కొన కొరకగూడదు. ఇనుము ఒకటే, పని యేరు" అన్నారు. ఇంత విడమర్చి రాస్తున్నది దీనికోసమే. ఆ సంగతి మా ఇంట్లో ఆయన తర్వాత తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మా ఆయనకు తెలియదు. ఆయనకు తెలిసింది కొడవలి.

వీళ్ళు పుట్టి పెరిగి కూలి చేసింది బాగన్ దాతుక్ దగ్గర పామాయిలు ఎస్టేటులో. పొడవాటి గడకు చివర కొడవలి కట్టి, నలభై అడుగుల పైనున్న గెలను కింద నిలబడి కోస్తారు. మా మామగారు ఆ గెల కిందే పోయారు. కొడవలి కొన మొద్దుబారింది. గెల సగం తెగి వేలాడింది. రెండోసారి లాగితే మీద పడింది. అప్పుడు బావగారికి ఇరవయ్యొకటి, మా ఆయనకు ఆరు. ఆ మర్నాటి నుంచి బావగారు సాయంత్రం కాగానే కూలీల లైన్లలోని ప్రతి ఇంటి కొడవలీ తెచ్చి, కొనలు నూరి ఇచ్చేవారట. తమ్ముడు పెద్దయి గెలల పనిలో చేరాక, "కొన మొండైతే మనిసి ఉండడురా" అని రోజూ చెప్పి, పదును చూశాకే పంపేవారట. ఈ మాట మా ఆయన మా పెళ్ళయిన కొత్తలో నాకు ఏడుస్తూ చెప్పారు.

ఆరేళ్ళ కిందట, డిసెంబరులో ఒక ఆదివారం. మేమిద్దరం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చాం. బావగారు పెద్దల మీటింగుకు ఆగిపోయారు. డాక్టరుగారి అమ్మాయి స్కీలు పని పూర్తయి వరండాలో బల్ల మీద ఉన్నాయి. సాయంత్రం వాళ్ళ ప్రయాణం. నేను పప్పు పొయ్యి మీద పెట్టాను. వరండాలో ఆకురాయి చప్పుడు వినిపించింది. బావగారి చప్పుడు కాదది. ఆయన లాగితే ఒక్కటే పొడుగు చప్పుడు, ఆగుతుంది, మళ్ళీ ఒకటి. ఇది ముందుకీ వెనక్కీ, గరగరా.

వెళ్ళి చూస్తే మా ఆయన స్కీ కొన మీద వంగి ఉన్నారు.

"ఏవండీ, ఏటి సేత్తన్నారు?"

"అన్నకి కళ్ళు అవుపడ్డం లేదే. సూడు, కొనలు నాలుగూ మొండిగొదిలేసినాడు. డాక్టరు సూస్తే ఏటంటాడు? అన్న పరువు పోదేటి?"

"బావగారు కావాలనే అలగ ఉంచుతారండీ."

ఆయన నవ్వారు. "కావాలని కొన మొండిగొదిలే ఇనుము ఈ లోకంలో ఎక్కడున్నాదే? ఇరవయ్యేళ్ళు గెలలు కోసినోణ్ణి. నాకు సెప్తావేటి? ఎల్లు, పప్పు మాడుతున్నాది."

నేను వెళ్ళాను. పప్పు మాడలేదు. గరిటె పట్టుకుని నిలబడి ఆ చప్పుడు నాలుగు కొనలకూ వింటూ ఉన్నాను. పని అయ్యాక ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి "అన్నకి సెప్పకు. ముసిలోడు సిన్నబుచ్చుకుంటాడు" అన్నారు. అన్న మీద ప్రేమతోనే అన్నారు. అందులో నాకు ఈనాటికీ అనుమానం లేదు.

రెండు గంటలకు డాక్టరుగారి డ్రైవరు వచ్చి స్కీలు తీసుకుపోయాడు. మూడింటికి బావగారు వచ్చారు. "తీసుకెళ్ళినారా? మంచిది" అని చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నారు. నేను వడ్డించాను. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. ఒకసారి పెరుగు వేయమంటారా అన్నాను. ఇంకోసారి గ్లాసులో నీళ్ళు పోశాను. వాళ్ళు విమానం ఎక్కడానికి ఇంకా నాలుగు గంటలుంది. ఫోను బల్ల మీదే ఉంది. నేను గదిలోకి వెళ్ళి, మోకరించి, ఆ పిల్లకు ఏమీ కాకుండా చూడమని ప్రార్థన చేశాను. దేవుడు నా నోరు నాకు ఇచ్చాడు, చెవిలో సంగతి వేశాడు, నాలుగు గంటల టైమిచ్చాడు. నేను ఆ మూడూ పక్కన పెట్టి ఆయన్నే పని చేయమన్నాను.

మూడు వారాలకు డాక్టరుగారు ఒక్కరే వచ్చారు. స్కీలు వరండాలో బల్ల మీద పెట్టారు. అరవలేదు. అమ్మాయి మోకాలు పూర్తిగా తిరిగిపోయిందనీ, రెండు ఆపరేషన్లయ్యాయనీ, ఇక పందేలు లేవనీ చెప్పారు. "కొనలు చూడు. మొండి చేయడం మరిచిపోయావా?" అన్నారు.

బావగారు బొటనవేలి గోరు కొన మీద అడ్డంగా లాగారు. తెల్లపొడి రాలింది. వంగి, కళ్ళజోడు సర్దుకుని ఆ అంచును చాలాసేపు చూశారు. తర్వాత తలెత్తి గుమ్మంలో నిలబడ్డ తమ్ముడి వైపు చూశారు. ఒక్కసారే. నేను టీ కప్పుల పళ్ళెంతో తమ్ముడి వెనక ఉన్నాను.

"తప్పు నాదే డాక్టర్" అన్నారు మలయ్‌లో. చేతులు జోడించారు. అందాకా ఆయన దేవునికి తప్ప చేతులు జోడించడం నేను చూడలేదు.

డాక్టరుగారు వెళ్ళాక మా ఆయన వంటింట్లోకి వచ్చి గోడకానుకుని కూలబడ్డారు. "నానే సేసినానా? ఆ పిల్లకి నానే సేసినానా?" అన్నారు. నేను తలూపాను. "సెప్పకే. అన్నకి తెలిస్తే సచ్చిపోతాడు. ఒట్టెయ్యి." మన సంఘంలో ఒట్లు వేయం. సరేనన్నాను.

ఆ స్కీలను డాక్టరుగారు వదిలేసి వెళ్ళారు. మర్నాడు పొద్దున బావగారు వరండాలోంచి పిలిచారు. "అమ్మాయ్, ఇలగ రా. ఇది సదువు."

కొన మీద టార్చిలైటు పడేలా పట్టుకున్నారు. నడుమ అంచున సన్నటి గీతలు, అన్నీ ఒకే వైపు వాలి, జుట్టు దువ్వినట్టు ఉన్నాయి. కొన దగ్గర గీతలు అడ్డదిడ్డంగా, ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉన్నాయి.

"ఇది నా గీత. ఇది నాది కాదు" అన్నారు. "ఆకురాయి ఎవుడు పడితే ఆడి దస్తూరీయే రాస్తాదమ్మా. ఎవుడి దస్తూరీ ఆడు దాయలేడు."

ఎవరిదని ఆయన అడగలేదు. ఆయనకు అడగవలసిన పని లేదు, ఆ చేతికి ఆకురాయి పట్టడం నేర్పింది ఆయనే. టార్చి ఆర్పేసి, నా ముఖం వైపు చూస్తూ కూర్చున్నారు. నాకు ఒక దారి తెరిచి పెట్టి కూర్చున్నారని ఇప్పుడు తెలుస్తోంది. నేను ఒక్క మాట అంటే చాలు, ఆయన మోసే బరువులో సగం దిగేది. కనీసం ఇంట్లో ఒకరికి తెలుసునన్న ఊరట ఉండేది.

"టీ పెట్టమంటారా బావగారూ?" అన్నాను.

మెత్తరాయి అందుకుంటూ "పెట్టు" అన్నారు.

నేను టీ తెచ్చేసరికి మెత్తరాయితో ఆ కొనలు రుద్దుతున్నారు. అడ్డదిడ్డం గీతలన్నీ చెరిపేశారు. ఇక ఎవరు చూసినా ఏమీ తెలియదు. ఆ టీ తాగారు, బాగుందన్నారు.

బావగారు పెట్టిన పదును వల్లే ఆ పిల్ల పడిందన్న మాట కుటుంబం నుంచి కుటుంబానికి పాకింది. మళ్ళీ నవంబరుకు ఒక్కరూ రాలేదు. ఇది బయటివాళ్ళ సంగతి, వాళ్ళ పిల్లల కాళ్ళు వాళ్ళవి. మన సంఘం సంగతి వేరు. ఏటా క్రిస్మస్ విందుకు వంటకత్తులన్నీ ఆయన చేతే నూరించేవాళ్ళం. మరుసటి ఏడు కత్తులు బజారుకు పంపారు. కూరగాయల దగ్గర ఎవరో "ముసిలాయనకిచ్చి ఏళ్ళు తెగ్గొట్టుకుంటామేటి?" అన్నారు. ఇంకొకరు "ఓలమ్మో, మోకాళ్ళు జాగర్త" అన్నారు. అందరూ నవ్వారు. నేను క్యారెట్లు తరుగుతున్నాను. నేనూ నవ్వాను. గట్టిగా కాదు. నేను ఏదీ గట్టిగా చేయను కదా. ఆ మాటలు అన్నవాళ్ళు ఇది చదువుతారు. మిమ్మల్ని నిందించడానికి రాయడం లేదు. మీకు తెలియదు. నాకు తెలుసు.

ఆ రోజు బావగారు హాల్లో ఫ్యాన్లు వేసి, కత్తుల కోసం వంటశాల గుమ్మం దాకా వచ్చారు. ముక్కలవుతున్న కూరగాయలను చూసి వెనక్కి వెళ్ళిపోయారు.

వరండాలో బల్ల తీసేశారు. పని లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలిసేది కాదు. కొన్నాళ్ళకు నా దగ్గరికి వచ్చి "ఎల్లుల్లి ఇయ్యి అమ్మాయ్, ఒలిసి పెడతాను" అన్నారు. అప్పటి నుంచి ప్రతి ఉదయం వంటింటి పీట మీద కూర్చుని, అరిగిన ఆ గోటితోనే వెల్లుల్లి ఒలిచేవారు. అంచు పదును తేల్చిన గోరు అది. రెబ్బ మీద గాటు పడకుండా పొట్టు తీసి, అన్నీ ఒకే వైపు తిప్పి గిన్నెలో పేర్చేవారు. అరకేజీ ఒలిచేవారు. మా ఇంటికి అంత ఎందుకు? మిగిలినవి తమిళ అక్కకు ఇచ్చేదాన్ని. కంచె మీద ఆమె కూడా ఆయన్ను దెప్పడం మానేసింది. దెప్పకపోవడం ఆయనకు ఎంత కష్టమనిపించిందో! ఒకరోజు ఆయనే కంచె దగ్గరికి వెళ్ళి "ఏటక్కా, ఐస్ కచాంగ్ గిన్నె తెచ్చినావా?" అన్నారు. ఆమె జాలిగా నవ్వి, "కూర్చో అన్నే, ఎండలో నిలబడకు" అంది.

భూస్థాపన కూడికలో ఒక పెద్దాయన మాట్లాడుతూ, ఆయన ఎవరి మీదా ఏదీ మనసులో పెట్టుకోలేదనీ, అందరినీ క్షమించి వెళ్ళారనీ అన్నారు. నాకు తెలిసినంతవరకు ఆయన తమ్ముడి మీద ఒక్క మాట జారలేదు. కానీ ఆ రోజు తర్వాత తమ్ముడి చేతికి ఒక్క పనిముట్టు ఇవ్వలేదు. కొబ్బరికాయ కొట్టడానికి మా ఆయన కత్తి అడిగితే, కాయ తీసుకుని తానే కొట్టి ఇచ్చేవారు. మా ఆయన ఆ కాయ పట్టుకుని అలాగే నిలబడేవారు. బావగారు క్షమించారో లేదో నాకు తెలియదు. ఊరుకున్నారు, అంతే. ఆరేళ్ళూ ఒకే బల్ల దగ్గర ముగ్గురం తిన్నాం. ముగ్గురికీ తెలుసు. ఎదుటివాళ్ళకు తెలియదన్నట్టు ముగ్గురమూ చారు బాగుందనుకున్నాం.

ఆయన పోయిన మర్నాడు, ఆదివారం మధ్యాహ్నం, శవపెట్టె ముందుగదిలో ఉంది. జనం వస్తూ పోతూ ఉన్నారు. గేటు దగ్గర ఒక అమ్మాయి కారు దిగింది. కుడికాలు నేల మీద కొంచెం ఈడుస్తూ వచ్చింది. ఆరేళ్ళకు మనిషి మారినా నడక చూసి పోల్చుకున్నాను. లోపలికి వెళ్ళి పెట్టె పక్కన నిలబడి బావగారి ముఖం చూసింది. తర్వాత వరండాలోకి వచ్చి నాకు చేయి ఇచ్చింది.

"నాన్న రానన్నారు ఆంటీ. నేను వచ్చాను. కోపం ఇక్కడ దించేసి వెళ్దామని" అంది మలయ్‌లో.

అప్పుడు చెప్పాను. ముందుగా అనుకున్నది కాదు. ఇంకొక క్షణం ఆగితే మళ్ళీ టీ పెట్టమంటావా అంటానని భయమేసింది. పప్పు దగ్గర్నుంచి టార్చిలైటు దాకా చెప్పాను. మలయ్ మాటలు అందకపోతే తెలుగులో చెప్పి మళ్ళీ వెతుక్కున్నాను.

"అంకుల్‌కు తెలుసా?"

"తెలుసు."

"మరి అందరూ ఒకే ఇంట్లో ఉన్నారా?"

"ఉన్నాం."

కుర్చీలో కూర్చుని, దాని చేతి మీద వేలితో ఏదో గీసింది. "ఆరేళ్ళు ఒక ముసలాయన్ని తిట్టుకున్నాను. కొన మంచును పట్టేస్తోందని ఆయనకు చెప్పిందే నేను. విని కూడా మరిచిపోయాడే అని, పడ్డదానికన్నా దానికే ఎక్కువ ఏడ్చాను" అంది. తర్వాత "ఆయన బతికుండగా ఒక్క ఫోను చేసుంటే వచ్చేదాన్ని ఆంటీ" అంది. క్షమించమని అడగాలనుకున్నాను. అడిగితే ఆ పిల్ల మీద ఇంకో పని పెట్టినట్టవుతుందని మానేశాను.

దీన్ని అచ్చుకు పంపేముందు మా ఆయనకు చదివి వినిపించాను. మొదటి నుంచి చివరిదాకా తల వంచుకుని విన్నారు. "నా పేరు రాయలేదు కదా?" అన్నారు. "ఎవరి పేరూ రాయలేదు" అన్నాను. "రాసినా పరవాలేదు" అని లేచి బయటికి వెళ్ళిపోయారు. అందుకే చివరి సంగతి కూడా రాస్తున్నాను.

సమాధుల తోటలో వాన పడి వెలిసింది. ఎర్రమట్టి జారుడుగా ఉంది. పెట్టె దించాక ఒక్కొక్కరం పిడికెడు మట్టి వేస్తున్నాం. డాక్టరుగారి అమ్మాయి వంతు వచ్చింది. మట్టి తీసుకోవడానికి ఎడమకాలు మడిచి వంగింది. కుడికాలు మడత పడదు, పక్కకు చాపింది. మట్టి వేసింది. లేవబోతే ఎడమపాదం జారి కూలబడిపోయింది. దగ్గర నిలబడి ఉన్నది మా ఆయనే. గబుక్కున వంగి చెయ్యి చాపారు.

ఆ పిల్ల ఆ చేతిని చూసింది. గెలల గడ పట్టి కాయలు కాసిన అరచెయ్యి. దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆమె చూపు వెంట మా ఆయన కూడా నా వైపు తిరిగారు. నేను తల దించుకోలేదు. నేను చెప్పేశానని ఆయనకు అర్థమయింది.

ఆ పిల్ల రెండు అరచేతులూ మట్టిలో ఆనించి, చాచిన కాలిని ఈడ్చుకుంటూ తనంతట తానే మెల్లగా లేచింది. మోచేతుల దాకా ఎర్రమట్టి. వెనక్కి చూడకుండా, సమాధుల మధ్య దారిన కారు వైపు నడిచి వెళ్ళింది. మా ఆయన చెయ్యి ఇంకా అలాగే చాపి ఉంది. చెట్ల మీది వానచుక్కలు అందులో పడుతున్నాయి.